అమరావతి శిల్పాల సదస్సుకు లోగో, పోస్టర్: బుద్ధుడి ముఖంతో మొదలుపెట్టకండి

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. ఒక విశ్వవిద్యాలయ చరిత్ర విభాగం కృష్ణా లోయ బౌద్ధ శిల్పాల మీద, అంటే అమరావతి, నాగార్జునకొండ, ఫణిగిరి వగైరాల మీద, మూడు రోజుల అంతర్జాతీయ సదస్సు పెడుతోంది. లలితకళల విద్యార్థి అయిన మీకు లోగో నుంచి సర్టిఫికెట్ దాకా డిజైన్ అంతా అప్పజెప్పారు. మీరు చేసిన డ్రాఫ్ట్‌లో బంగారు రంగు వలయం, మధ్యలో కళ్లు మూసుకున్న బుద్ధుడి ముఖం, కింద తామర, వెనక నీలం గ్రేడియంట్ ఉన్నాయి. కన్వీనర్ గారు చూసి "బాగుంది గానీ యోగా శిబిరంలా ఉంది" అన్నారు. ఎక్కడ తేడా కొట్టింది, మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది మీ ప్రశ్న.

మీ చేతిపనికి వంక పెట్టడానికేమీ లేదు, గీత శుభ్రంగా ఉంది. కానీ ఆ బొమ్మను యోగా శిబిరానికీ వాడొచ్చు, స్పాకీ వాడొచ్చు, కొత్త అపార్ట్‌మెంట్ల బ్రోచర్‌కీ వాడొచ్చు. ఈ సదస్సు గురించి అది చెప్పేదేమీ లేదు. విషయపరంగా కూడా రెండు చిక్కులున్నాయి. మొదటిది, మీరు తీసుకున్న ముఖం మన ప్రాంతానిది కాదు. తల మీద జ్వాలలా కొనదేలిన ఆ ఆకారం థాయ్‌లాండ్ సంప్రదాయం, ఏదో స్టాక్ ఫోటో సైట్‌లో దొరికినట్టుంది. వచ్చేవాళ్లలో సగం మంది దీన్ని మొదటి చూపులోనే పట్టేస్తారు. రెండోది ఇంకా లోతైనది. అమరావతి తొలి దశ శిల్పాల్లో బుద్ధుణ్ని మనిషి రూపంలో చూపలేదు. బోధివృక్షం, ఖాళీ సింహాసనం, పాదాల గుర్తులు, ధర్మచక్రం, జ్వాలాస్తంభం, వీటితోనే ఆయన అక్కడ ఉన్నట్టు చెప్పారు. మనిషి రూపం తర్వాత వచ్చింది. ఎందుకలా అన్నదాని మీద పండితుల వాదం వందేళ్లు దాటినా తెగలేదు. మీ సదస్సులోనూ దాని మీద ఎవరో ఒకరు పేపర్ చదవక మానరు. ఆయన వెనక బ్యానర్ మీద ఇంత పెద్ద ముఖం ఉంటే, సభ మొదలుకాకముందే డిజైనర్ ఒక పక్షం తీసుకున్నట్టవుతుంది.

కళాచరిత్ర సదస్సుకు డిజైన్ చేయడంలో ఉన్న ప్రత్యేకత ఇదే. వైద్యుల సదస్సులో పోస్టర్ మీద బొమ్మ అలంకారం. ఇక్కడ బొమ్మే సాక్ష్యం. వచ్చేవాళ్లందరూ బొమ్మను పరీక్షగా చూడటమే వృత్తిగా ఉన్నవాళ్లు. అందుకే అందమైన వస్తువు ఏది అని వెతకడం మానేసి, ఈ సదస్సు దేని గురించి వాదించుకోబోతోంది అని వెతకండి. ఫోటోషాప్ తెరవకముందు కాన్సెప్ట్ నోట్ రెండుసార్లు చదవండి. తర్వాత కన్వీనర్ గారిని ఒక్కటే అడగండి: "సార్, ఈ మూడు రోజుల్లో ఎవరూ ఒప్పుకోని విషయం ఏది?" లోగో ఎలా ఉండాలి అని అడిగితే "గ్రాండ్‌గా ఉండాలి" అంటారు, అక్కడితో మీ పని ఆగిపోతుంది. ఈ ప్రశ్న అడిగితే ఆయన అరగంట మాట్లాడతారు, మీకు కావలసిన సరుకంతా అందులో ఉంటుంది.

అంతర్జాతీయ కళాచరిత్ర సంఘం నడిపే ప్రపంచ మహాసభల ఇతివృత్తాలు చూడండి. 2012లో న్యూరెంబర్గ్‌లో వస్తువు విసిరే సవాలు, 2016లో బీజింగ్‌లో పరిభాష, 2024లో లియోన్‌లో పదార్థం. అన్నీ ఆలోచనలే, ఒక్కటీ ఫలానా శిల్పం పేరు కాదు. డిజైన్ కూడా ఆ ఆలోచన వెంట వెళ్లాలి.

మీ సదస్సు కాన్సెప్ట్ నోట్ నేను చూడలేదు గానీ, అమరావతి అన్నాక ఒక సంగతి తప్పదు. ఆ మహాస్తూపం ఇప్పుడు ఏ ఒక్క చోటా లేదు. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో ఊరు కట్టిస్తున్నప్పుడు దిబ్బ తవ్వి రాళ్లు తీశారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కోలిన్ మెకంజీ మొదటిసారి అప్పుడే వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి తన చిత్రకారులతో ఒక్కో ఫలకాన్నీ గీయించాడు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్లను మద్రాసుకు పంపాడు, వాటిలో చాలా భాగం 1859లో లండన్ చేరింది, 1880లో బ్రిటిష్ మ్యూజియంలోకి వెళ్లింది. ఈరోజు ఫలకాలు అమరావతి మ్యూజియంలో కొన్ని, చెన్నై ఎగ్మోర్‌లో కొన్ని, లండన్‌లో కొన్ని. మెకంజీ మనుషులు గీసినవాటిలో కొన్నింటికి ఇప్పుడు బొమ్మ తప్ప రాయి లేదు. నాగార్జునకొండ కథ ఇంకో రకం: లోయ మొత్తం సాగర్ జలాశయం కింద ఉంది, తవ్వి తీసినవి కొండ మీది మ్యూజియంలో ఉన్నాయి. ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్లొచ్చాయి.

చెల్లాచెదురైన ముక్కలు, వాటిని పక్కపక్కన పెట్టి చూడాలన్న తపన. ఇంత బలమైన ఆలోచన చేతిలో ఉండగా తామరపువ్వు మీదకు ఎందుకు వెళ్లాలి?

నేనైతే పోస్టర్లను జంట బొమ్మలుగా చేస్తాను. కళాచరిత్ర క్లాసుల్లో రెండు స్లైడ్లు పక్కపక్కన వేసి పోల్చి చెప్పడం జర్మనీలో కళాచరిత్రకారుడు వోల్ఫ్లిన్ కాలం నుంచీ ఉన్న అలవాటు, ఈ రంగంలో ఉన్న ఎవరికైనా ఆ అమరిక చూడగానే తమ పని గుర్తొస్తుంది. ఎడమ పక్క మెకంజీ ఆల్బమ్‌లోని గీతచిత్రం, కుడి పక్క అదే ఫలకం ఈనాటి ఫోటో. ఇంకో పోస్టర్‌లో లండన్ ముక్క, చెన్నై ముక్క. మూడో పోస్టర్‌లో ఎడమ పక్క గీత, కుడి పక్క ఖాళీ రాతిరంగు, కింద "రాయి దొరకలేదు" అన్న శీర్షిక. ఈ మూడోది గోడ మీద అన్నిటికన్నా ఎక్కువ మందిని ఆపుతుంది. కానీ ఏ చిత్రానికి రాయి నిజంగా దొరకలేదో నిపుణులతో ఖాయం చేసుకున్నాకే వేయండి. లేకపోతే ప్రారంభోత్సవం రోజునే ఎవరో ఒకరు వచ్చి "అది ఫలానా గోడౌన్‌లో ఉందమ్మా" అంటారు.

అమరిక కోసం, అంటే గ్రిడ్ కోసం, బయటికి పోనక్కర్లేదు. స్తూపం చుట్టూ ఉండే వేదిక, అంటే రాతి కంచె చూడండి. నిలువు స్తంభాలు, వాటిని కలిపే అడ్డ కమ్మీలు, పైఅంచున చుట్టూ సాగే రాతి దూలం. స్తంభం మధ్యలో పూర్తి పద్మం, పైనా కిందా అర్ధపద్మాలు. అడ్డ కమ్మీ మీద గుండ్రటి పతకం. పై దూలం మీద బయటివైపు మనుషులు మోసుకెళ్లే పొడవాటి పూలదండ, అలలా సాగుతూ. ఇప్పుడు మీరు చేయాల్సిన వస్తువుల పట్టీ పక్కన పెట్టి చూడండి. స్టాండీ నిలువు స్తంభం: పైన, మధ్యలో, కింద మూడు చోట్ల సమాచారం, వాటి నడుమ ఖాళీ. వాట్సాప్ డీపీ, స్టిక్కర్ గుండ్రటి పతకం. వేదిక మీది బ్యాక్‌డ్రాప్, వెబ్ పేజీ పైపట్టీ పొడుగాటి దూలం. ఇంకా చెప్పాలంటే పద్మాన్ని ఎక్కడా గీయనవసరం లేదు, ఆ నిష్పత్తులు చాలు. తెలిసినవాళ్లు గుర్తుపడతారు, తెలియనివాళ్లకు పొందికగా కనిపిస్తుంది.

లోగో సంగతి. సదస్సుకు లోగో అంత ముఖ్యమని నేను అనుకోను, మూడు రోజుల తర్వాత దాని పని అయిపోతుంది. అక్షరాలు, రంగు, అమరిక గట్టిగా ఉంటే అదే గుర్తింపు. అయినా కమిటీ అడుగుతుంది కాబట్టి ఒకటి చేయాలి. ఆంధ్ర స్తూపాలకు ప్రత్యేకమైనవి ఆయక స్తంభాలు: నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన అరుగుల మీద ఒక్కోచోట ఐదేసి స్తంభాలు. బుద్ధుడి జీవితంలోని ఐదు ఘట్టాలకు గుర్తులని సాధారణంగా చెప్తారు. సాంచీలో ఇవి కనిపించవు, మన దగ్గరే కనిపిస్తాయి. ఒకే ఎత్తున్న ఐదు నిలువు గీతలు, కింద ఒక అడ్డగీత. అంతే. బ్రౌజర్ ట్యాబ్‌లో చిన్న చుక్కంత సైజులోనూ నిలుస్తుంది, గుడ్డ సంచి మీద ఒకే రంగులోనూ పడుతుంది. ఎత్తులు మాత్రం ఎక్కువ తక్కువలు పెట్టకండి, సెల్‌ఫోన్ సిగ్నల్ అయిపోతుంది.

పూర్ణఘటం, అంటే నిండు కుండ, పెడదామని ఎవరైనా అంటారు, తప్పకుండా అంటారు. అందమైన రూపమే. దాని వెనక కథ ఇంకా అందమైనది: పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకాన్ని అమరావతి స్తూపానికి దానం చేసింది విధికుడనే తోలుపని చేసే మనిషి అని దాని మీది బ్రాహ్మీ శాసనమే చెప్తుంది. కానీ 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నంలో అమరావతి శైలి ధర్మచక్రం, మధ్యలో పూర్ణఘటం ఉన్నాయి. గుండ్రటి వలయంలో పూర్ణఘటం వేసిన మరుక్షణం మీ పోస్టర్ ప్రభుత్వ ప్రకటనలా కనిపిస్తుంది. అవతలి రాష్ట్రంలో కాకతీయ తోరణంతో ఇదే చిక్కు, అది తెలంగాణ చిహ్నంలో ఉంది. ఇక సారనాథ్ నాలుగు సింహాల జోలికి అసలు వెళ్లకండి. జాతీయ చిహ్నాన్ని ఎవరు పడితే వాళ్లు వాడకుండా 2005లో ప్రత్యేక చట్టమే వచ్చింది.

రంగులు. మీ నీలం గ్రేడియంట్ తీసేయండి. అమరావతి రాయి పల్నాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు. కానీ ఫోటోలను నమ్మి రంగు తీసుకోకండి. మ్యూజియం దీపాల వల్ల ఒకచోట పసుపుగా, ఇంకోచోట బూడిదగా కనిపిస్తుంది. ఎండలో ఒకసారి కళ్లతో చూసి, చేతిలో రంగుల కార్డు పెట్టుకుని పోల్చుకోండి. దానికి తోడుగా ఇటుక రంగు వాడమంటాను. స్తూపం లోపల ఇటుక, పైన సున్నపురాయి ఫలకాల తొడుగు. రాయి, ఇటుక, అక్షరాలకు నలుపు, ఈ మూడూ చాలు. ప్రింట్‌లో ఇటుక రంగుకు సయాన్ 20, మజెంటా 75, పసుపు 75, నలుపు 15 దగ్గర మొదలుపెట్టి, ప్రెస్‌లో ఒక ముక్క తీయించి సరిచేసుకోండి. లేత రాతిరంగు మీద తెల్ల అక్షరాలు పెట్టకండి. చిన్న అక్షరాలకు, వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్ ప్రమాణం చెప్తుంది, ప్రింట్‌కీ అది మంచి కొలతే. ఇంకో మాట, మన దగ్గర రంగులకు పార్టీలున్నాయి. నిండు పసుపు, గులాబీ, కాషాయం, నీలం-ఆకుపచ్చ జంట, వీటిలో ఏది వేసినా ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు, వీసీ గారి ఆఫీసు నుంచి మీకు ఫోన్ వస్తుంది. ఇటుక రంగుకు ఇంకా ఎవరూ జెండా పాతలేదు.

అక్షరాల దగ్గర కాసేపు ఆగుదాం, తెలుగు డిజైన్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. రెండు లిపులు పక్కపక్కన రావాలి, కాబట్టి రెండూ ఒకే చేతి కింద తయారైన ఫాంట్ కుటుంబం తీసుకోండి. ఏక్ టైప్ సంస్థ వాళ్ల అనేక్ తెలుగు ఉచితం, బరువుతో పాటు వెడల్పు కూడా మార్చుకోవచ్చు, నిలువు స్టాండీకి ఇరుకు రూపం, బ్యానర్‌కు వెడల్పు రూపం దొరుకుతాయి. ప్రోగ్రామ్ పుస్తకం లాంటి పాఠానికి నోటో సెరిఫ్ తెలుగు, టిరో తెలుగు బాగుంటాయి. బాపు గారి చేతిరాత ఫాంట్ నాకూ ఇష్టమే, కానీ ఇక్కడ వద్దు, చూడగానే పెళ్లిపత్రిక అనిపిస్తుంది. తెలుగును బ్రాహ్మీలా, రాతిమీద చెక్కినట్టు వంకరలు తిప్పే అలంకార ఫాంట్లూ వద్దు. శాసన లిపులు చదవగలిగినవాళ్లు ఎదురుగా కూర్చుంటారు. నిజమైన బ్రాహ్మీ అక్షరాలు వాడాలనుకుంటే శాసనం అచ్చుప్రతి నుంచి తీసుకుని, ఒక శాసన నిపుణుడికి చూపించి వాడండి.

ఫాంట్ పరీక్షించడానికి నేను వాడే మాట "ఇక్ష్వాకు". క కింద షకారం, దాని కింద వకారం, పక్కన దీర్ఘం. ఇది విరగకుండా నిలబడితే మిగతావన్నీ నిలబడతాయి. "ఉష్ణీషం", "స్త్రీ", "రాష్ట్ర" కూడా టైపు చేసి చూడండి. ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోయి పక్కకు వస్తుంటే ఫాంట్‌ను తిట్టకండి. టైప్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి, ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్. వరసల మధ్య ఎడం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఇవ్వండి, ఇంగ్లిష్‌కు సరిపోయే ఎడంలో పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. ఇంగ్లిష్ శీర్షికల్లో చేసినట్టు తెలుగు అక్షరాలను దూరం దూరంగా జరపకండి, మాట ముక్కలవుతుంది.

రోమన్ లిపిలో ఇంకో ముల్లు ఉంది. కళాచరిత్రకారులు సంస్కృత, ప్రాకృత పేర్లు రాస్తే అక్షరాల మీద అడ్డగీతలు, కింద చుక్కలు పెడతారు. చాలా అందమైన ఫాంట్లలో ఈ గుర్తులు ఉండవు. అక్కడ కంప్యూటర్ వేరే ఫాంట్ నుంచి అక్షరం అరువు తెచ్చి పెడుతుంది, ఒక మాటలో రెండు రకాల అక్షరాలు కనిపిస్తాయి. నోటో సెరిఫ్‌లో ఇవన్నీ ఉన్నాయి. ఏ ఫాంట్ ఖాయం చేసేముందైనా, వచ్చిన పేపర్లలో అత్యంత కష్టమైన శీర్షిక తీసుకుని పెట్టి చూడండి. ప్రెస్ వాళ్లు "అనులో ఇవ్వండి" అంటారు, అను అంటే యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్ల పద్ధతి, మన ఊళ్లలో ఇంకా అదే అలవాటు. టెన్షన్ పడక్కర్లేదు, మీరు యూనికోడ్‌లోనే చేసి, అక్షరాలను ఔట్‌లైన్లుగా మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి. వాళ్ల చేత మళ్లీ టైపు మాత్రం చేయించకండి, కొత్త తప్పులు అక్కడే పుడతాయి.

ఇప్పుడు బొమ్మలతో మర్యాద. శిల్పానికి రెండు వేల ఏళ్లు కావచ్చు, దాని ఫోటోకు మాత్రం హక్కుదారు ఉంటారు. బ్రిటిష్ మ్యూజియం తన సైట్‌లోని ఫోటోలను వ్యాపారేతర వాడకానికి, పేరు చెప్పాలన్న షరతుతో ఇస్తుంది. రిజిస్ట్రేషన్ ఫీజు తీసుకునే సదస్సు, అమ్మే పుస్తకం ఆ కోవలోకి వస్తాయా అన్నది వాళ్లకే మెయిల్ రాసి అడగండి. మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, హక్కుల గడువు ముగిసిన కళాఖండాల ఫోటోలను ఎవరైనా ఎలాగైనా వాడుకునేలా తెరిచిపెట్టింది. మెకంజీ ఆల్బమ్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది, రెండు వందల ఏళ్ల నాటి చిత్రాలు కాబట్టి పని తేలిక, అయినా పేరు తప్పకుండా వేయాలి. చెన్నై మ్యూజియానికి, పురావస్తు శాఖకు విశ్వవిద్యాలయం లెటర్‌హెడ్ మీద ఉత్తరం ముందే పెట్టించండి, ఈ జవాబులు తొందరగా రావు.

బొమ్మ వాడిన ప్రతిచోటా శీర్షిక ఉండాలి: ఏమిటి, ఎక్కడిది, ఏ రాయి, ఏ శతాబ్దం, ఇప్పుడు ఏ మ్యూజియంలో ఏ నంబరు కింద ఉంది, ఫోటో ఎవరిది. పోస్టర్ అందం చెడుతుందని దీన్ని తీసేసే డిజైనర్లున్నారు. ఈ సభికులు పోస్టర్ దగ్గరికొచ్చి మొదట చదివేది ఆ చిన్న అక్షరాలనే, అందుకే దానికి చోటు ముందే కేటాయించి, దాన్నే డిజైన్‌లో భాగం చేయండి.

అమరికకు కుదరలేదని బొమ్మను అద్దంలోలా తిప్పకండి. అమరావతి శైలి నిలువెత్తు బుద్ధ విగ్రహాల్లో చీవరం, అంటే భిక్షువు వస్త్రం, ఎడమ భుజం మీద ఉంటుంది, కుడి భుజం వట్టిది. తిప్పితే భుజం మారుతుంది, ప్రదక్షిణ దిక్కు మారుతుంది, శాసనం ఉంటే అక్షరాలు తిరగబడతాయి. మనిషి ముఖం మీదుగా శీర్షిక పరచడం, విరిగిన ముక్కును కంప్యూటర్‌లో అతికించడం, రాయికి బంగారు పూత వేయడం, ఇవీ అంతే. ఏఐతో "అమరావతి శైలి" బొమ్మ పుట్టించి పెడదామన్న ఆలోచన ఉంటే ఇక్కడే వదిలేయండి. లేని శిల్పాన్ని కళాచరిత్ర సదస్సు పోస్టర్ మీద వేయడం, దొంగ నోటును బ్యాంకు కౌంటర్‌లో ఇవ్వడమే. ఇంకొకటి, బుద్ధుడి పాదాల గుర్తులు ఉన్నాయి కదా, దారి చూపే స్టిక్కర్లుగా నేల మీద అతికిద్దాం అని వాలంటీర్లలో ఎవరికో తడుతుంది. వినడానికి తెలివైన ఊహే. అవి పూజించే గుర్తులు, వాటి మీద చెప్పులతో నడిపిస్తే శ్రీలంక నుంచో బర్మా నుంచో వచ్చిన భిక్షువు ముఖం మీరు చూడలేరు. కాగితం కప్పుల మీద, తుడిచి పారేసే నాప్‌కిన్ల మీద కూడా పవిత్ర రూపాలు వద్దు. ఐదు గీతల లోగో ఉన్నది అందుకే.

ఇక వస్తువులు. అన్నిటికన్నా ముందు బయటికెళ్లేది పేపర్ల ఆహ్వానం. అది ఏ4 పీడీఎఫ్‌గా పుట్టి వాట్సాప్‌లో తిరుగుతుంది, ఫోన్‌లో చదువుతారు. మన బ్రోచర్లలో సగం పేజీ చీఫ్ పేట్రన్, పేట్రన్, కన్వీనర్, కో-కన్వీనర్ల పేర్లకే పోతుంది, సదస్సు దేని మీదో వెతుక్కోవాలి. పేర్లు తీసేయమని మీరు చెప్పలేరు, చెప్పకండి కూడా. పేర్లన్నింటికీ చివరి పేజీలో ఒక పట్టీ కేటాయించండి, హోదా క్రమం కన్వీనర్ గారితో రాతపూర్వకంగా ఖాయం చేయించుకోండి. మొదటి పేజీలో ఇతివృత్తం, తేదీలు, చోటు, సారాంశం పంపాల్సిన గడువు, మెయిల్, ఇవి మాత్రమే. నిధులిచ్చిన సంస్థల లోగోలు ఒక్కోటి ఒక్కో రంగులో, ఒక్కో ఆకారంలో వస్తాయి. వాటిని ఒకే ఎత్తులో కాకుండా కంటికి ఒకే బరువు కనిపించేలా, తెల్లటి పట్టీ మీద పెట్టండి. వాళ్ల లోగోల రంగులు మార్చే హక్కు మీకు లేదు.

బ్యాక్‌డ్రాప్ ఫ్లెక్సీకి కొలతలు సభామందిరానికి వెళ్లి మీరే టేపుతో తీసుకోండి. "ఇరవై బై పది ఉంటుంది సార్" అన్న మాట మీద ప్రింట్ చేయించకండి. జ్యోతి ప్రజ్వలన అయ్యాక వేదిక మీద కుర్చీల్లో వరసగా కూర్చుంటారు, బ్యానర్ కింది సగం వాళ్ల తలల వెనక పోతుంది. మర్నాడు పేపర్‌లో పడే ఫోటోలో కనిపించేది పై మూడో వంతు. సదస్సు పేరు, ఊరు, తేదీ అక్కడ ఉండాలి. కింద పూలదండ దూలపు గీత ఒక్కటి చాలు. మెరిసే ఫ్లెక్సీ మీద ఫ్లాష్ పడి తెల్లమచ్చ వస్తుంది కాబట్టి మ్యాట్ అడగండి. ఇంత పెద్ద ప్రింట్‌కు అసలు సైజులో 72 నుంచి 100 డీపీఐ, అంటే అంగుళానికి అన్ని చుక్కలు, సరిపోతుంది, దూరం నుంచి చూసేదే కదా. పోస్టర్‌కు మాత్రం 300 ఉండాలి, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరింపులో పోయే అదనపు అంచు, వదలాలి.

బ్యాడ్జీని చిన్నచూపు చూడకండి. మూడు రోజులూ అందరూ చదివేది అదే. ఏ6 సైజు, 300 జీఎస్ఎమ్ కార్డు, పేరు రెండు మీటర్ల దూరం నుంచి కనిపించేంత పెద్దది, రెండు లిపుల్లో, రెండు వైపులా. మెడలో తాడు తిరిగి బ్యాడ్జీ ఎప్పుడూ వెనక్కే తిరుగుతుంది. సదస్సు పేరు కింద చిన్నగా ఉన్నా నష్టం లేదు, ఎక్కడికొచ్చారో వాళ్లకు తెలుసు. ముందు పెద్ద పేరు, దాని కింద సంస్థ. "ప్రొఫెసర్", "డాక్టర్" పెట్టాలా వద్దా అన్నది కమిటీ తేల్చాలి, కానీ పెడితే అందరికీ పెట్టాలి.

ప్రోగ్రామ్ పుస్తకానికి కోలన్ లేని పేపర్ శీర్షిక నేనింతవరకు చూడలేదు, కోలన్ తర్వాత ఇంకో రెండు వరసలుంటాయి. అందుకే పేజీని చిన్న శీర్షికతో డిజైన్ చేసి మురిసిపోకుండా అతి పొడవైన దానితో మొదలుపెట్టండి. గ్లాసీ ఆర్ట్ పేపర్ కాకుండా మ్యాప్‌లిథో వేయిస్తే పెన్నుతో రాసుకోవచ్చు, వీళ్లు రాసుకుంటారు. సమయాలు ఎడమ అంచున ఒకే నిలువు వరసలో ఉండాలి, గది పేరు ప్రతి పేజీలో ఉండాలి.

స్లైడ్ల విషయంలో మీ కమిటీతో చిన్న గొడవ పడాల్సి రావచ్చు. అందరికీ ఒకే టెంప్లేట్, ప్రతి స్లైడ్ మీద లోగో కావాలంటారు. కళాచరిత్రకారుడికి స్లైడ్ అంటే బొమ్మ కోసం చీకటి గది. మూలలో లోగో ఉంటే కన్ను అక్కడికి పోతుంది, ఫలకం అంచు కోసుకుపోతుంది. సెషన్ మొదలయ్యేముందు తెర మీద ఉండే ఒక స్లైడ్, వక్త పేరుతో ఇంకొకటి, ఈ రెండే మీరు ఇవ్వండి. మిగతా వాటికి 16:9 నిష్పత్తి, ముదురు బూడిద నేపథ్యం అని ఒక వరస సూచన పంపితే చాలు. తెల్ల నేపథ్యం చీకటి గదిలో కళ్లలో గుచ్చుకుంటుంది, పక్కనున్న రాయి రంగు నల్లబడినట్టు కనిపిస్తుంది.

గుడ్డ సంచికి స్క్రీన్ ప్రింట్, ఒకే రంగు ఇటుక, సన్న గీతలు వద్దు. సర్టిఫికెట్ కోసం విడిగా పూల అంచులు వెతకకండి, అదే గ్రిడ్, అదే అక్షరాలు. పేరు కోసం చుక్కల గీత వదిలి చేత్తో రాయించే పద్ధతి కన్నా, రిజిస్ట్రేషన్ పట్టీ నుంచి పేర్లు నేరుగా పడేలా ఇన్‌డిజైన్‌లో డేటా మర్జ్ వాడండి. ఆ పట్టీని సదస్సుకు ముందే ఒక్కొక్కరికీ మెయిల్ చేసి, మీ పేరు రెండు లిపుల్లోనూ ఇలాగే ఉండాలా అని అడిగించండి. బ్యాడ్జీకి, ప్రోగ్రామ్‌కు, సర్టిఫికెట్‌కు అదే పట్టీ వాడితే ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా రాదు.

ఇప్పటి డ్రాఫ్ట్‌లో నిలుపుకోదగింది ఒకటుంది: తేదీల కోసం మీరు కుడి పక్క పెట్టిన సన్నటి నిలువు గడి. అది స్తంభానికి సరిగ్గా సరిపోతుంది, దాన్ని ఎడమకు జరిపి అక్కడి నుంచి మొదలుపెట్టండి. కొత్తది పెట్టేటప్పుడు పోస్టర్ ఒక్కటే కాకుండా బ్యాడ్జీ, బ్యాక్‌డ్రాప్, ఫోన్‌లో కనిపించే ఆహ్వానం నాలుగూ పక్కపక్కన పెట్టి చూపించండి, అప్పుడు చెప్పడానికి ఇంకా వీలుగా ఉంటుంది.